కారం మరలో ప్లాస్టిక్ పొడి పట్టొచ్చా?

రాజాం తమ్ముడి ప్రశ్న పొడుగ్గా ఉంది గానీ విషయం ఇదీ. వాళ్ళ నాన్నగారికి కారం, పసుపు పట్టే మర ఉంది. సీజన్ లేనప్పుడు పల్వరైజర్ ఖాళీగా పడి ఉంటోంది. తుక్కు ప్లాస్టిక్ చవగ్గా దొరుకుతోంది. దాన్ని మెత్తగా పట్టి త్రీడీ ప్రింటింగ్ వాళ్ళకి అమ్మితే కిలోకి వేలు వస్తాయని ఏదో వీడియోలో చూశాడట. అవుతుందా, ఎంత మెత్తగా పట్టాలి, ఇందులో ప్రమాదం ఏమైనా ఉందా అని అడుగుతున్నాడు.

ఆ మరలో, ఆ తుక్కుతో అవదు తమ్ముడూ. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే చివరిదాకా చదవకుండా మెషిన్‌కి అడ్వాన్సు ఇచ్చేసేవాళ్ళని చాలామందిని చూశాను. కానీ పొడి వ్యాపారమే వద్దని నేను అనను. నేను పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో మైక్రోనైజర్ మీద (మందు పొడిని బాగా మెత్తగా చేసే మెషిన్) తొమ్మిదేళ్ళు, తరవాత విశాఖ వైపు పౌడర్ కోటింగ్ పొడి, అంటే ఇనుము మీద చల్లే పొడి రంగు, తయారుచేసే చోట పద్నాలుగేళ్ళు పనిచేశాను. ఇప్పుడు చీపురుపల్లిలో ఇంటి దగ్గరే ఉంటున్నాను. అన్నేళ్ళలో నాకు అర్థమైంది ఒకటే: మెత్తగా చేయడం పెద్ద కష్టం కాదు, ఈ రోజు బస్తాలో ఉన్న గింజ, వచ్చే నెల బస్తాలో ఉన్న గింజ ఒకే కొలతలో, ఒకే ఆకారంలో ఉండేలా చూడటమే కష్టం. కొనేవాడు డబ్బులిచ్చేది దానికే.

ముందు మీ మర ఎందుకు పనికిరాదో చెబుతాను. మీ అమ్మగారు మిరపకాయలు మరకి పంపేముందు ఎండలో గలగలలాడేలా ఎండబెడతారు కదా, శ్రావణమాసంలో చెమ్మ పట్టిన కాయలు తెస్తే మీ నాన్నగారే వెనక్కి పంపేస్తారు. కాయ పెళుసుగా ఉంటే సుత్తి తగలగానే పగులుతుంది, మెత్తబడితే సాగుతుంది, నలుగుతుంది తప్ప పొడి అవదు. ప్లాస్టిక్ ఎప్పుడూ ఆ చెమ్మ పట్టిన కాయలాంటిదే. సుత్తి దెబ్బని అది లోపలికి మింగేస్తుంది, మింగిన దెబ్బంతా వేడిగా మారుతుంది. నీళ్ళ ట్యాంకుల్లో వాడే పాలిథిన్ 120 డిగ్రీలు దాటగానే కరుగుతుంది, అంతకు చాలా ముందే మెత్తబడి సుత్తులకి, జల్లెడకి అంటుకుంటుంది. జల్లెడ కన్నాలు మూసుకుపోతే సరుకు బయటికి రాదు, లోపలే తిరుగుతూ ఇంకా వేడెక్కుతుంది. పావుగంటలో మర తలుపు తీస్తే లోపల నల్లటి లడ్డూ ఉంటుంది. మా పక్క ఊళ్ళో ఒకాయన ఇదే చేసి ఆ లడ్డూని ఉలితో చెక్కుకున్నాడు, ఆ తరవాత వారం రోజులు అందులో పట్టిన పసుపుకి ప్లాస్టిక్ వాసన వచ్చింది. తినే సరుకు పట్టే మరలో ఇలాంటివి అసలు వేయకూడదు, అది వేరే సంగతి.

మరి ప్లాస్టిక్‌ని పెళుసు చేయడం ఎలా? చల్లబరచాలి. మామూలు చలి చాలదు. పశువులకి సూది వేసే గోపాలమిత్ర వాళ్ళు బండి మీద ఒక క్యాన్ తెస్తారు చూశావా, మూత తీస్తే పొగలు కక్కుతుంది, అదే లిక్విడ్ నైట్రజన్, మైనస్ 196 డిగ్రీలు. రబ్బరు బంతిని అందులో ముంచి నేలకి కొడితే గాజు గోళీలా పగిలిపోతుంది. ప్రతి పాలిమర్‌కీ, అంటే ప్లాస్టిక్, రబ్బరు జాతి సరుకుకి, ఒక ఉష్ణోగ్రత ఉంటుంది, దానికి కింద గాజులా ఉంటుంది, పైన తోలులా సాగుతుంది. పాలీప్రొపిలీన్‌కి అది సున్నా దగ్గర్లో ఉంటుంది, పాలిథిన్‌కి మైనస్ వంద దాటి ఇంకా కిందకి. అందుకని ప్లాస్టిక్ గింజల్ని నైట్రజన్‌తో తడిపి, చల్లగా ఉండగానే పిన్ మిల్లులో (మేకులున్న బిళ్ళలు తిరిగే మర) వేసి పట్టేస్తారు. దీన్ని క్రయోజెనిక్ గ్రైండింగ్ అంటారు. పొడి శుభ్రంగా, మెత్తగా వస్తుంది. ఖర్చే ఇబ్బంది, సరుకుని బట్టి కిలో పొడికి కిలో నైట్రజనో అంతకన్నా ఎక్కువో తాగేస్తుంది, అదీ గాలిలో కలిసిపోతుంది, తిరిగి రాదు. ట్యాంకర్లో రోజూ తెప్పించుకుని రాజాంలో నడపాలంటే పొడి ధర బాగా పలకాలి. ఇంకో మాట, మూసిన గదిలో నైట్రజన్ పోగైతే మనిషికి ఊపిరాడకపోవడం కూడా తెలీదు, దగ్గు రాదు, వాసన రాదు, కళ్ళు తిరిగి పడిపోతాడు. ఆక్సిజన్ మీటరు లేకుండా ఆ పని ముట్టుకోకు.

నైట్రజన్ లేకుండా పట్టేది కూడా ఉంది, అది నీకు దగ్గర్లో ఉన్న దారే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. డాబాల మీద నల్ల ట్యాంకులు ఉంటాయి కదా, 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు పలాస, మందస వైపు కొబ్బరి చెట్లతో పాటు ఎగిరి పడినవి, అవి పొడితోనే తయారవుతాయి. ఒక పెద్ద ఇనప అచ్చులో పాలిథిన్ పొడి పోసి, మూత బిగించి, కొలిమిలాంటి ఓవెన్‌లో అటూ ఇటూ నెమ్మదిగా తిప్పుతారు. పొడి కరిగి అచ్చు గోడకి పూతలా పట్టుకుంటుంది, చల్లారాక ట్యాంకు బయటికి వస్తుంది. దీనికి రోటోమౌల్డింగ్ అని పేరు. ఇక్కడ పొడి మరీ మెత్తగా ఉండక్కర్లేదు, 35 మెష్ జల్లెడలో (అంగుళానికి 35 కన్నాలు) దిగితే చాలు, అంటే అర మిల్లీమీటరు లోపు, 500 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. దీన్ని పట్టే పల్వరైజర్‌లో సుత్తులు ఉండవు. మన తిరగలి లాగే రెండు బిళ్ళలు ఉంటాయి, పళ్ళు కోసిన ఉక్కు బిళ్ళలు. ఒకటి కదలదు, ఇంకోటి గిర్రున తిరుగుతుంది. గింజ మధ్యలో పడి అంచుకి వచ్చేసరికి కోసుకుపోతుంది. వెనక బ్లోయర్ గాలిని లాగుతూ ఉంటుంది, ఆ గాలే పొడిని మోసుకుపోతుంది, అదే చల్లబరుస్తుంది. బిళ్ళల వెనక నీళ్ళు తిరుగుతాయి. పొడి సైక్లోన్‌లో కిందకి దిగి జల్లెడ మీద పడుతుంది, దిగనిది మళ్ళీ బిళ్ళల మధ్యకి పోతుంది. సైక్లోన్ అంటే తుఫాను కాదులే, రైస్ మిల్లు పక్కన గరాటులా నిలబడి ఉండేదే.

ఇందులో కిటుకంతా వేడిని అదుపులో ఉంచడమే. ఆపరేటరు కక్కుర్తి పడి గంటకి ఇంకో పాతిక కిలోలు ఎక్కువ తోస్తే బిళ్ళల దగ్గర వేడి పెరిగి గింజ తెగకుండా సాగుతుంది, పొడి రేణువుకి తోక వస్తుంది. కంటికి కనపడదు, వేళ్ళ మధ్య నలిపితే దూదిలా అనిపిస్తుంది. తోకలున్న పొడి ఒకదానికొకటి చిక్కుకుంటుంది, అచ్చులో మూలల్లోకి జారదు, ట్యాంకు గోడ ఒక చోట మందంగా, ఒక చోట పల్చగా వస్తుంది, లోపల బుడగలు ఉండిపోతాయి. కొనేవాడు బస్తా విప్పి ఒక గరాటులో పోసి ఎన్ని సెకన్లలో జారిందో చూస్తాడు. జారకపోతే లారీ తిరిగి వచ్చేస్తుంది. బిళ్ళల పదును పోయినా ఇదే జరుగుతుంది, కాబట్టి పదును పెట్టించే ఖర్చు మొదటి రోజే లెక్కలో వేసుకో.

ఇక ఎంత మెత్తగా అన్న ప్రశ్న. అందరూ అదే అడుగుతారు, ఎంత మెత్తనైతే అంత గొప్ప అనుకుంటారు. వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకో. ఒక సెంటీమీటరు ఘనం ప్లాస్టిక్ ముక్క తీసుకుంటే దాని ఆరు ముఖాల వైశాల్యం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్ని 10 మైక్రాన్ల ముక్కలుగా కోస్తే వంద కోట్ల ముక్కలవుతాయి, వాటి మొత్తం వైశాల్యం 6000 చదరపు సెంటీమీటర్లు, అంటే వెయ్యి రెట్లు. బరువు అంతే, పైతోలు వెయ్యి రెట్లు. పొడి పనికొచ్చేదీ దానివల్లే, మాట వినకుండా పోయేదీ దానివల్లే. బరువు కన్నా ఒకదాన్నొకటి పట్టుకునే బలం ఎక్కువైపోతుంది. 1973లో డెరెక్ గెల్డార్ట్ అనే ఇంగ్లండ్ ఇంజనీరు పొడుల్ని నాలుగు జాతులుగా విడగొట్టాడు, పొడి పని చేసే ప్రతివాడూ ఈ రోజుకీ ఆ పటమే చూస్తాడు. సుమారుగా 30 మైక్రాన్ల నుంచి 100 దాకా ఉన్నది కింద నుంచి గాలి ఊదితే నీళ్ళలా కదులుతుంది. 20, 30కి దిగువన ఉన్నది మైదాలా ముద్దకడుతుంది, గాలి ఊదితే దారి చేసుకుని గాలే పోతుంది, పొడి అక్కడే ఉంటుంది. అందుకే చాలా పొడుల్లో చిటికెడు ఫ్యూమ్డ్ సిలికా (ఇసక జాతిదే, చాలా మెత్తటి పొడి) కలుపుతారు, వెయ్యి పాళ్ళలో ఒకటి నుంచి అయిదు పాళ్ళు. ముద్దకట్టకుండా ఉప్పు డబ్బాలో నాలుగు బియ్యం గింజలు వేసే అలవాటుంది చూడు, అలాంటిదే, కాకపోతే ఇక్కడ సిలికా రేణువుల మధ్యలో దూరి వాటిని ఎడంగా ఉంచుతుంది.

మెత్తనిది, ముతకది విడగొట్టడానికి కూడా ఒక హద్దు దాటాక జల్లెడ పనిచేయదు, 40 మైక్రాన్లకి దిగువన జల్లెడ మూసుకుపోవడమే పని. అక్కడ గాలే దిక్కు. కళ్ళంలో తూర్పారబట్టడం నీకు తెలుసు, చేటతో ఎత్తి పోస్తే గింజ కాళ్ళ దగ్గర పడుతుంది, తాలు ఎగిరిపోతుంది. క్లాసిఫయర్ చేసేది అక్షరాలా ఇదే. లోపల ఒక చక్రం తిరుగుతుంటుంది, దాని వేగం పెంచితే ఇంకా మెత్తనిదాన్నే లోపలికి రానిస్తుంది, ముతకదాన్ని విసిరేస్తుంది. మా పౌడర్ కోటింగ్ ప్లాంటులో రోజంతా నా చెయ్యి ఆ చక్రం వేగం మీదే ఉండేది.

ఆ పౌడర్ కోటింగ్ సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. గేట్లు, స్టీలు కుర్చీలు, వాషింగ్ మెషిన్ బాడీ మీద ఉండే రంగు చాలావరకు ఇదే, ఇందులో థిన్నర్ ఉండదు. రెసిన్, గట్టిపరిచే మందు, రంగు కలిపి ఎక్స్‌ట్రూడర్‌లో (వేడిచేసి కలిపి తోసే స్క్రూ మర) ముద్ద చేస్తారు, చల్లని రోలర్ల మధ్య అప్పడంలా ఒత్తి పగలగొడతారు, ఆ చిప్స్‌ని క్లాసిఫయర్ ఉన్న మిల్లులో పడతారు. ఈ రెసిన్లు పెళుసు జాతివి కాబట్టి నైట్రజన్ అక్కర్లేదు. సగటు 35, 40 మైక్రాన్లు. పొడి చల్లే తుపాకీ కొన దగ్గర 60 నుంచి 100 కిలోవోల్టులు పెట్టి చల్లితే పొడి చార్జ్ అయి ఇనుముని వెతుక్కుంటూ పోయి అంటుకుంటుంది, 180, 200 డిగ్రీల ఓవెన్‌లో పది, ఇరవై నిమిషాలు పెడితే కరిగి గట్టిపడుతుంది. కింద పడిన పొడిని జల్లించి మళ్ళీ వాడుకోవచ్చు. 10 మైక్రాన్ల లోపు దుమ్ము ఎక్కువైతే మాత్రం తుపాకీలో పేరుకుని గడ్డలు గడ్డలుగా ఉమ్ముతుంది, గేటు మీద మశూచి పోసినట్టు వస్తుంది. ఇక్కడే మాకొక దెబ్బ తగిలింది. మే నెలలో లోడు పంపాం, దారిలో డ్రైవరు పెళ్ళికో ఎక్కడికో పోయి లారీని రెండు రోజులు ఎండలో వదిలేశాడు. ఈ రెసిన్లు 50, 60 డిగ్రీలకే మెత్తబడతాయి. డబ్బాలు విప్పితే బెల్లం దిమ్మల్లా ఉన్నాయి. మళ్ళీ పట్టాం, మళ్ళీ పంపాం, వాళ్ళు ఒప్పుకోలేదు, ఒప్పుకోకపోవడమే న్యాయం కూడా. మన వైపు ఎండకి పొడి గోడౌన్ అంటే రేకుల షెడ్డు కాదు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ పెద్దదాన్ని చితక్కొట్టి చిన్నది చేసేవి. నిజంగా ఖరీదైన పొడులు ఇలా రావు, అవి చిన్నగానే పుడతాయి. నౌపడ ఉప్పుమళ్ళు చూసుంటావు, నీళ్ళలో కరిగున్న ఉప్పు ఎండకి గింజ కడుతుంది. నువ్వు వీడియోలో చూసిన త్రీడీ ప్రింటింగ్‌లో వాడే నైలాన్-12 అనే రకం పొడిని కొంచెం అలాగే చేస్తారు. నైలాన్‌ని ఆల్కహాల్‌లో ఒత్తిడి పెట్టి వేడిచేసి కరిగిస్తారు, పద్ధతిగా చల్లబరుస్తారు, అది గుండ్రటి గింజలుగా విడిపోతుంది. సగటు 55, 60 మైక్రాన్లు, దాదాపు అన్నీ ఆ చుట్టుపక్కలే. కొట్టిన పొడికి అంచులుంటాయి, పుట్టిన పొడికి ఉండవు, కాబట్టి అది జారుతుంది. ఈ ప్రింటింగ్ పద్ధతిని 1980లలో అమెరికాలో టెక్సాస్ యూనివర్సిటీ విద్యార్థి కార్ల్ డెకార్డ్, ఆయన ప్రొఫెసర్ జో బీమన్ మొదలుపెట్టారు. పదో వంతు మిల్లీమీటరు మందాన పొడి పరుస్తారు, లేజర్‌తో కావలసిన చోట మాత్రమే కరిగిస్తారు, దాని మీద మళ్ళీ పరుస్తారు. పరిచిన పొడి మంచం 170 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంటుంది, ఇంకో పది డిగ్రీలు దాటితే మొత్తం కరిగిపోతుంది, బాగా తగ్గితే ముక్క వంకరపోతుంది. అంత ఇరుకులో నడిచే పని అది. కరగకుండా మిగిలిన పొడి కూడా ఆ వేడికి ముసలిదైపోతుంది, లోపల అణువుల గొలుసులు పొడుగవుతాయి, తరవాతిసారి సరిగ్గా కరగదు. బజ్జీల బండి వాడు పాత నూనెలో కొత్త నూనె కలిపినట్టు వీళ్ళు పాత పొడిలో సగం దాకా కొత్తది కలిపి వాడతారు. అలాంటి చోట మన రాజాం తుక్కు, అందులో క్యారీబ్యాగు ఒకటి, పాల ప్యాకెట్టు ఒకటి, కుర్చీ ముక్క ఒకటి, ఒక్కోటి ఒక్కో వేడికి కరిగేది, ఎవరు కొంటారు చెప్పు?

ఆ నైలాన్-12 ఎంత తక్కువచోట్ల తయారవుతుందో చెప్పడానికి ఒక్క సంగతి. 2012 మార్చి 31న జర్మనీలో మార్ల్ అనే ఊళ్ళో ఎవోనిక్ అనే కంపెనీ ప్లాంటులో పేలుడు జరిగి ఇద్దరు చనిపోయారు. అక్కడ చేసేది నైలాన్-12కి ముడిసరుకు. ఆ ఒక్కటి ఆగిపోతే ప్రపంచంలో కార్ల కంపెనీలన్నీ బ్రేకు గొట్టాలకి, పెట్రోలు గొట్టాలకి ఏం వాడాలా అని టెన్షన్ పడ్డాయి. దాని చెల్లెలు నైలాన్-11 మాత్రం ఆముదం నుంచి వస్తుంది, అవును, మనం తలకి పట్టించే ఆముదమే. ఆముదపు గింజలు ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ పండేది మన దేశంలో, అందులోనూ గుజరాత్‌లో. ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం అని వెక్కిరిస్తాం గానీ, దాని నూనె నుంచి వచ్చిన పొడి లేజర్ మెషిన్లలోకి పోతోంది.

ఇంకా చిన్నవి చూడాలంటే విజయనగరంలో ఏ ల్యాబ్‌కైనా వెళ్ళు. కీళ్ళవాతానికి ఆర్‌ఏ ఫ్యాక్టర్ అని రాస్తారే, పాత పద్ధతిలో నల్ల పలక మీద రక్తం నీరు చుక్క, పాలలాంటి తెల్ల మందు చుక్క వేసి కదుపుతారు, రవ్వ కట్టినట్టు విరిగితే పాజిటివ్. ఆ పాలు నిజానికి పాలీస్టైరీన్ గుళికలు, ఒక మైక్రాన్ కన్నా చిన్నవి, పైన ప్రోటీన్ పూత. 1956లో సింగర్, ప్లాట్జ్ అనే ఇద్దరు అమెరికన్ డాక్టర్లు ఈ పరీక్ష పెట్టారు. ఇంత చిన్నవి ఏ మరా పట్టలేదు, సబ్బు నీళ్ళలో పెంచుతారు. నారుమడిలో విత్తనాలన్నీ ఒకే రోజు మొలిస్తే నారంతా ఒకే ఎత్తుకి వస్తుంది, రోజుకి కాసిని మొలిస్తే ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఇక్కడా అంతే, గుళికలన్నీ ఒకేసారి పుట్టేలా చూస్తే ఒకే సైజు. అలా చిన్నవే వచ్చేవి. పెద్దవి చేద్దామంటే పెరిగే లోపల కొన్ని తేలిపోవడం, కొన్ని మునిగిపోయి అడుగున ముద్దకట్టడం. నాసా వాళ్ళు దీనికోసం 1980ల మొదట్లో స్పేస్ షటిల్‌లో ఒక చిన్న రియాక్టర్ పంపారు, బరువే లేని చోట తేలడమూ లేదు, మునగడమూ లేదు. అక్కడ పెరిగిన 10 మైక్రాన్ల గుళికల్ని 1985లో అమెరికా కొలతల సంస్థ అమ్మకానికి పెట్టింది, అంతరిక్షంలో తయారై అమ్ముడుపోయిన మొదటి సరుకు అదే అంటారు. నార్వేలో జాన్ ఉగెల్‌స్టాడ్ అనే ఆయన మాత్రం 1970లలోనే నేల మీదే దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు, చిన్న గుళికల్ని ముందు ఉబ్బబెట్టి తరవాత గట్టిపరిచాడు. ఆ గుళికలకి ఇనుము ఎక్కించినవే ఇప్పుడు ఆసుపత్రుల్లో రక్తం నుంచి ఒక రకం కణాల్ని మాత్రమే అయస్కాంతంతో ఏరుకోవడానికి వాడుతున్నారు.

జిరాక్స్ షాపు టోనర్ (కాగితం మీద అచ్చు పడే నల్ల పొడి) కూడా పాలిమర్ పొడే, 5 నుంచి 10 మైక్రాన్లు. చెస్టర్ కార్ల్‌సన్ 1938 అక్టోబరు 22న మొదటి కాపీ తీసినప్పుడు చల్లింది ప్లాస్టిక్ కాదు, లైకోపోడియం అనే మొక్క నుంచి రాలే పుప్పొడిలాంటి దుమ్ము. టైల్స్ అతికించే గమ్ బస్తాలో సిమెంటుతో పాటు ఉండే తెల్ల పొడి ఇంకోటి, నీళ్ళు పోయగానే మళ్ళీ పాలలా కలిసిపోతుంది. వీటి గురించి ఇంకోసారి.

ప్రమాదం గురించి అడిగావు, చాలామంది అడగరు, అందుకు మెచ్చుకోవాలి. ప్లాస్టిక్ గింజల బస్తాకి నిప్పంటిస్తే నెమ్మదిగా కాలుతుంది. అదే బస్తా పొడిచేసి గాలిలో లేపితే పేలుతుంది. పాలిథిన్ పొడికి ఘనపు మీటరు గాలిలో 30 గ్రాముల చుట్టుపక్కల ఉంటే చాలు. లెక్క వేసి చూద్దాం. మీ మర గది అయిదు మీటర్ల పొడవు, నాలుగు వెడల్పు, మూడు ఎత్తు అనుకో, 60 ఘనపు మీటర్లు, అంటే 1.8 కిలోల పొడి. నేల మీద సమానంగా పరిస్తే పావు మిల్లీమీటరు మందం కూడా ఉండదు. వేలితో రాస్తే గీత పడేంత దుమ్ము. ఎక్కడో చిన్న చప్పుడుతో ఒక మంట పుట్టి, ఆ ఊపుకి దూలాల మీద దుమ్ము రాలి, రెండో పేలుడు వస్తుంది, మనుషుల్ని చంపేది ఆ రెండోదే. 2003 జనవరి 29న అమెరికాలో నార్త్ కరోలినాలోని కిన్‌స్టన్‌లో మందు సీసాల రబ్బరు బిరడాలు చేసే ఫ్యాక్టరీలో ఇదే జరిగింది, ఆరుగురు పోయారు. అక్కడ వాళ్ళు పొడి పట్టను కూడా లేదు, రబ్బరు అంటుకోకుండా పాలిథిన్ పొడిని నీళ్ళలో కలిపి పూసేవాళ్ళు. అది ఆరి, దుమ్మై, ఫాల్స్ సీలింగ్ పైన ఎవరికీ కనపడకుండా పేరుకుంది. కింద హాలు అద్దంలా ఉండేదట.

మా చోట కూడా ఒకసారి తప్పింది. డస్ట్ కలెక్టర్‌కి (గాలిలో దుమ్ముని సంచుల్లో పట్టే పెట్టె) పోయే గొట్టం శుభ్రం చేసిన కుర్రాడు ఎర్తింగ్ రాగి పట్టీ విప్పి, మళ్ళీ బిగించడం మరిచిపోయాడు. పొడి గొట్టంలో రాసుకుంటూ పోతుంటే స్టాటిక్ పుడుతుంది, అది నేలలోకి దిగే దారి లేకపోతే ఎక్కడో ఒక చోట దూకుతుంది. సంచులకి నిప్పంటుకుంది, పేలుడు పలక (లోపల ఒత్తిడి పెరిగితే తెరుచుకునేది) తెరుచుకుని మంట గోడ బయటికి పోయింది. హెల్పరుకి కనుబొమ్మలు కాలాయి, అంతే. ఆ పలక గోడ లోపలి వైపు తిరిగి ఉంటే ఇది రాయడానికి నేను ఉండేవాణ్ణి కాదు. కాబట్టి ప్రతి గొట్టానికీ ఎర్తింగ్, చీపురు కాకుండా సరైన వాక్యూమ్, దూలాల మీద దుమ్ము వారం వారం తుడవడం. కంప్రెసర్ గాలితో ఊదేసి శుభ్రం చేయడం మాత్రం వద్దే వద్దు, దుమ్ముని మళ్ళీ గాలిలో లేపేది అదే.

ఊపిరితిత్తుల సంగతి నీకు తెలిసిందే, 10 మైక్రాన్ల లోపుది లోపలికి పోతుంది, తువ్వాలు కట్టుకుంటే ఆగదు, ఎన్95 కావాలి. టెఫ్లాన్ పొడి దగ్గర బీడీ ముట్టించకూడదు, వేలి నుంచి బీడీకి అంటిన పొడి కాలి ఆ పొగ పీలిస్తే సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది, పొడి పని వాళ్ళు మలేరియా అనుకుని మందులు మింగిన రోజులున్నాయి. కడిగిన నీళ్ళు కాలవలోకి వదలకు, అది నాగావళిలోకే చేరుతుంది. ఫేస్‌వాష్‌లో రుద్దుకునే ప్లాస్టిక్ పూసల్ని అమెరికా 2015లోనే చట్టం చేసి ఆపింది ఇందుకే. పొల్యూషన్ కంట్రోల్ బోర్డు అనుమతి ఎలాగూ కావాలి.

మరి నేనైతే ఏం చేస్తాను? పలాస వైపు చూస్తాను. పప్పు తీసేశాక మిగిలే జీడి పెంకులో పావు వంతు దాకా నూనె ఉంటుంది, పిక్కలు కొట్టే ఆడవాళ్ళ చేతులు కాల్చేది అదే. ఆ నూనెని వేడిచేస్తే కార్డనాల్ అనే పదార్థం వస్తుంది, దాన్ని ఫార్మాల్డిహైడ్‌తో కలిపి గట్టిపరిస్తే ఇంక ఎంత వేడికీ కరగని పెళుసు రెసిన్ అవుతుంది. దాని పొడే ఫ్రిక్షన్ డస్ట్, లారీల బ్రేకు లైనింగుల్లో కలుపుతారు, బ్రేకు కీచుమనకుండా, పట్టు సమంగా ఉండేలా చేస్తుంది. అది కరగదు కాబట్టి అంటుకోదు, నైట్రజన్ అక్కర్లేదు, మామూలు మిల్లు, మంచి జల్లెడ చాలు. రెసిన్ వండటం నీ పని కాదు, ఫార్మాల్డిహైడ్ విషం, ఆ రియాక్షన్ అదుపు తప్పితే కుక్కరు పేలినట్టే, అది కెమికల్ ఇంజనీరు ఉన్న చోటే జరగాలి. వాళ్ళ దగ్గర ముక్కలు తీసుకుని జాబ్‌వర్క్ మీద, అంటే వాళ్ళ సరుకుని కూలికి పట్టి ఇవ్వడం నీ పని. లేదా ట్యాంకులవాళ్ళకి బిళ్ళల పల్వరైజర్. రెండిటికీ వేరే షెడ్డు, కారం మరకి దూరంగా. పేలుడు లెక్క మాత్రం ఫ్రిక్షన్ డస్ట్‌కీ అంతే.

ఏ మెషిన్ చూడటానికి వెళ్ళినా అమ్మేవాడు చూపించే పొడి చూసి రాకు. నీ సరుకు రెండు గంటలకి సరిపడా పట్టుకెళ్ళి, ఆపకుండా నడిపించి, మొదటి పదినిమిషాల పొడి ఒక డబ్బాలో, చివరి పదినిమిషాల పొడి ఇంకో డబ్బాలో తీసుకో. ఇంటికి వచ్చాక కాలేజీ ల్యాబ్‌లో ఉండే వంద మిల్లీలీటర్ల కొలజాడీ ఒకటి తెచ్చుకుని, మొదటి పొడిని కదపకుండా వంద గీత దాకా పోసి, మడతపెట్టిన తువ్వాలు మీద ఇంక దిగనంత వరకు తట్టు. ఎక్కడ ఆగిందో చూసి వందని దానితో భాగించు. ఎనభై దగ్గర ఆగితే 1.25, ఫర్వాలేదు, జారే పొడే. డెబ్భైకి దిగిపోతే 1.4 దాటింది, గరాటులో ఇరుక్కుంటుంది. రెండో డబ్బాకీ చేయి. రెండు అంకెలూ దగ్గరగా లేకపోతే ఆ మెషిన్ వేడెక్కుతోందని అర్థం, అడ్వాన్సు కట్టకు. రెండూ ఎంతొచ్చాయో ఇక్కడే రాయి, జల్లెడ ఏది కావాలో అప్పుడు చెబుతాను.